ట్యాంకులో పోసిన నీళ్లు

డీజిల్లో నీళ్లు కలవకూడదని నాకు తెలియదా ఏంటి? ముప్పై రెండేళ్లు లారీ ఓనరుతో కాపురం చేశాను. మా ఆయన కృపానందం అన్నం ముందు కూర్చుని కూడా పంపూ నాజిళ్లూ తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరగడు. తెలుసు నాకు. కానీ నేను పోసినవి మామూలు నీళ్లా? గుణదల కొండ మీద మేరీమాత దగ్గర పెట్టి, ఫాదర్‌గారి చేత దీవెన చేయించుకుని తెచ్చుకున్న నీళ్లు. అవి కూడా డీజిల్‌కి పడవని నేనెందుకు అనుకుంటాను? జరిగింది జరిగినట్టు చెబుతా. తిట్టాలనిపిస్తే ఆఖర్న తిట్టండి, మధ్యలో ఆపకండి.

మాదో పాత లారీ. తొంభై ఎనిమిది మోడల్. కొండపల్లి వైపు క్రషర్ల దగ్గర కంకర ఎత్తుకుని ఉయ్యూరు, పామర్రు, ఎక్కడ ఇళ్లు కడుతుంటే అక్కడికి తోలడం దాని పని. మా ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున్నే బండి కదిలేముందు నేను మాత నీళ్లు నాలుగు చుక్కలు బానెట్ మీద చల్లాల్సిందే. చల్లకపోతే ఆయన తాళం తిప్పేవాడు కాదు. పోయిన ఏడాది వేసవిలో ఒకరోజు, కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే, తింటే తిను లేకపోతే మానెయ్యి అన్నాన్నేను. ఇద్దరం అలిగాం. నేను బయటికి రాలేదు, నీళ్లు చల్లలేదు. ఇబ్రహీంపట్నం దాటాక స్టీరింగ్ మీదే ఆయన గుండె ఆగిపోయింది. పక్కన కూర్చున్న యేసుబాబు చెయ్యి చాపి బ్రేకు లాగబట్టి బండి ఎవరి మీదికీ ఎక్కలేదు. రక్తనాళం మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్ల మాట వాళ్లది. నేను మాత్రం ఆ నాలుగు చుక్కల గురించే ఏడ్చాను.

ఆయన పోయాక మా అబ్బాయి జాన్ పాల్ సెల్‌ఫోన్ షాపులో పని మానేసి బండి చూసుకోవడం మొదలుపెట్టాడు. యేసుబాబే తోలేవాడు, వీడు పక్కన కూర్చునేవాడు. యేసుబాబంటే ఇరవై మూడేళ్లుగా మా బండి మీదే ఉన్న మనిషి. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినగారూ అంటాడు, మావాడికి బాబాయి. వాళ్లది మిషన్ చర్చి, బొమ్మలకి మొక్కరు. మేం మాత ముందు కొవ్వొత్తి వెలిగిస్తే, "బొమ్మకి చలేస్తోందా వదినగారూ" అని ఏడిపించేవాడు. నేను కూడా ఊరుకునేదాన్ని కాదులెండి. మీ పాస్టరుగారు మైకులో అరిస్తే గానీ మీ దేవుడికి వినపడదా అనేదాన్ని.

ఇక నా భయం చెబుతాను. కొడుకు అదే బండిలో, అదే రోడ్డు మీద పోతున్నాడు. బానెట్ మీద చల్లిన నీళ్లు గొల్లపూడి చేరేలోపే ఎండకి ఆరిపోతాయి. ఆ తర్వాత వాడికి దిక్కెవరు? అదే బండి లోపల ఉంటే దారి పొడుగునా తోడుంటాయి కదా. ఈ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ట్యాంకు మూతకి తాళం ఉంటుంది. ఒక చెవి జాన్ పాల్ దగ్గర, ఒకటి యేసుబాబు దగ్గర. మా ఆయన చెవి నా బీరువా తాళాల గుత్తిలోనే ఉండిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. మాత రూపంలో ఉండే ప్లాస్టిక్ సీసా, నీలం కిరీటం మూతది, కొండ కింద కొట్లలో అమ్ముతారే, అది పావు లీటరు పడుతుంది. రోజూ పొద్దున యేసుబాబుని టీ తాగమని లోపలికి పంపి, వీడు స్నానంలో ఉండగా, ట్యాంకు మూత తీసి, సిలువ గుర్తు వేసుకుని, ఆ సీసాడు పోసేసేదాన్ని. ఏడాది పాటు ఒక్కరోజు కూడా మానలేదు. బండి కూడా చక్కగా తిరిగింది. చూశావా తల్లి మహిమ అనుకున్నాను.

మొన్న యేసుబాబు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వారంలో వచ్చేస్తానని వెళ్లినవాడు, నెల్లాళ్లు వంగకూడదు, బండి ఎక్కకూడదు అని డాక్టరు చెప్పడంతో ఇంట్లో ఉండిపోయాడు. జాన్ పాల్ ఒక్కడే తోలుకున్నాడు. రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారం నుంచి బండి దగ్గడం మొదలుపెట్టింది. ఎక్కుడు వస్తే చాలు లాగదు, నల్లపొగ కాదు తెల్లపొగ వదులుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. దిగి చేత్తో డీజిలు పంపు కొట్టి, పైపుల్లో గాలి తీసి, మళ్లీ స్టార్ట్ చేసుకుని వచ్చేవాడు. ఫిల్టర్లు రెండుసార్లు మార్చాడు. బంకులో కల్తీ ఏమో అని బంకు మార్చాడు.

ఆ గురువారం, లోడుతో రైలు గేటు దాటుతుంటే సరిగ్గా పట్టాల మీద ఆగిపోయింది. గేటు మూసే టైము. వీడు దిగి పంపు కొడుతున్నాడంట, గేటు దగ్గర మనిషి ఎర్రజెండా పట్టుకుని పరుగెడుతున్నాడంట, వెనకున్న ట్రాక్టరు వాళ్లూ ఆటోవాళ్లూ పదిహేనుమంది కలిసి తోస్తే గానీ కదల్లేదంట. బండి ఇవతలికి వచ్చిన నాలుగు నిమిషాలకి రైలు వెళ్లిందంట. సాయంత్రం ఇంటికొచ్చి వాడే ఇదంతా చెప్పాడు. మర్నాడు పొద్దున నేనేం చేశానో తెలుసా? భయమేసి రెండు సీసాలు పోశాను. ఆ వారమంతా రెండేసి పోశాను.

ఇక కదలనని బండి మొండికేశాక ఆటోనగర్‌కి గొలుసు కట్టి లాక్కెళ్లారు. పంపు పనికి హనుమయ్యగారని పెద్దమెకానిక్కు ఉన్నాడు అక్కడ, మా ఆయనకి పాత స్నేహం. మర్నాడు మధ్యాహ్నం నేను క్యారియరు పట్టుకుని వెళ్లాను. అన్నం సంగతి ఒక వంక. అసలు సంగతి, బండికి ఏమైందో వినకపోతే నాకు ప్రాణం ఆగేటట్టు లేదు. యేసుబాబు కూడా వచ్చి ఉన్నాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని గోడవారన స్టూలు మీద కూర్చున్నాడు. జాన్ పాల్ వాడివైపు చూడటం లేదు. అదేంటో నాకు అర్థం కాలేదు.

హనుమయ్యగారు ఫిల్టరు గిన్నె విప్పి, అందులోది ఒక గాజుసీసాలో పోశాడు. ఎండలో పెట్టి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. మొదట అంతా మసకమసకగా ఉంది. నిమిషం గడిచేసరికి పైన పసుపుగా డీజిలు తేలింది, అడుగున నాలుగు వేళ్ల మందాన తెల్లగా ఇంకోటి నిలబడింది.

"నీళ్లు," అన్నాడు.

ఆ మాట వినగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నడుం దగ్గర తాళాల గుత్తి మీదికి పోయింది. ఎవరైనా చూశారేమోనని పమిట సర్దుకున్నట్టు నటించాను.

తర్వాత ట్యాంకు అడుగున నట్టు విప్పి బకెట్టు పెట్టాడు. కారింది, కారుతూనే ఉంది. డీజిలు కనపడేసరికి ఏడు లీటర్లు నీళ్లు తేలాయి, తుప్పుతో ఎర్రగా. "ఇది ఒక్కరోజులో పోసింది కాదు నాయనా," అన్నాడు హనుమయ్యగారు జాన్ పాల్‌తో. "నీళ్లు బరువు, అడుక్కి పోతాయి. రోజూ కొంచెం కొంచెం చేరి, పైపు దాకా ఎదిగినప్పుడు పంపులోకి లాగింది. పంపు లోపల కూడా తుప్పు పట్టింది. ఇంకో రెండు రోజులు తిప్పితే బిగుసుకుపోయేది. ఎవడో కావాలని పోశాడు."

"ఎవడో ఏంటండీ," అన్నాడు జాన్ పాల్. "మూతకి తాళం ఉంది. రెండే రెండు చెవులు. ఒకటి నా దగ్గరుంది." అని యేసుబాబు వైపు తిరిగాడు.

ఓరి నాయనో అనుకున్నాను.

"క్రషర్ దగ్గర వాచ్‌మన్ ఆమోసు నిన్న ఫోన్లో అంతా చెప్పాడు. ఏడాదిగా చూస్తున్నాడంట. నేను లోడు చీటీ రాయించుకోడానికి లోపలికి వెళ్లగానే ఈయన బండి కింద దూరి, ట్యాంకులోంచి సీసాలో పట్టుకుని గుట్ట వెనక్కి పోతాడంట. అక్కడ ఎవడికి అమ్ముతున్నాడో! పోయిన డీజిలు తెలియకుండా నీళ్లు పోసి నింపుతున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నాన్న పోయిన ఇంట్లో, నాన్న బండిలో!"

"నేను దొంగతనం చెయ్యలేదు బాబూ," అన్నాడు యేసుబాబు.

"అయితే బండి కింద ఏం చేస్తున్నావ్?"

యేసుబాబు కళ్లద్దాలు తీసి, ఎర్రగా ఉన్న కంటితో నావైపు ఒక్కసారి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. కన్ను నొప్పెడుతోంది కాబోలు అనుకున్నాను నేను.

"చెప్పు! గుట్ట వెనక్కి ఏం తీసుకెళ్లావ్?"

"చెప్పడానికేం లేదు బాబూ."

హనుమయ్యగారు స్పానరు తుడుచుకుంటూ, "అతను నెల్లాళ్లుగా బండి దగ్గరే లేడుగా జాన్‌పాలూ, ఇబ్బంది అతను లేనప్పుడేగా వచ్చింది?" అన్నాడు. "మీరే అన్నారుగా, చేరి చేరి ఎదిగిందని," అన్నాడు వీడు. వీడి కోపం నాకు తెలుసు, నా కోపమే. ఒకసారి ఎక్కితే కళ్లు కనపడవు.

నేను చెప్పాలి. అప్పుడే చెప్పాలి. కానీ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఎందుకో కూడా చెబుతాను, దాచేదేముంది. నేను పోశానని చెబితే ఆ రైలు పట్టాల మీద బండిని ఆపింది నేనే అని ఒప్పుకోవాలి. వాడు గేటు మధ్యలో వంగి పంపు కొడుతుంటే, రైలు వస్తుంటే, ఆ పట్టాల మీద వాణ్ని నిలబెట్టింది వాళ్లమ్మ. ఆ మాట వాడి మొహం మీద ఎలా చెప్పను? ఇంకోటి కూడా ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నా, హనుమయ్యగారు మా దేవుణ్ని కొలిచే మనిషి కాదు, ఆయన ముందు మాత పరువు పోతుందనిపించింది. మాత పరువు కాపాడటానికి నేనెవర్నో నాకే తెలియదు.

"తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లిపో యేసుబాబూ," అన్నాడు జాన్ పాల్.

ఆ మాట నన్ను కొట్టింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బాబాయ్ అన్నవాడు పేరు పెట్టి పిలిచాడు. యేసుబాబు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. మా ఆయన కట్టిన ఎర్రదారం ఇంకా ఉంది దానికి. పనిబల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టాడు. "వస్తా వదినగారూ" అన్నాడు. నేను బదులు చెప్పలేదు. మనిషినా నేను! ఒంటికంటితో గోతులు చూసుకుంటూ, గేటు వైపు నడుస్తున్నాడు. యాభై ఆరేళ్లవాడు. దొంగ అని పేరు పడితే ఆటోనగర్ మొత్తంలో రేపు ఇంకో ఓనరు వాణ్ని బండి ఎక్కనిస్తాడా? ఈ భుజాల మీదే కదా మా ఆయన్ని ఇబ్రహీంపట్నం నుంచి ఆసుపత్రి లోపలికి మోసుకెళ్లింది.

"ఆగు!" అన్నాను. అరిచాననుకుంటా, పక్క షెడ్డులో వెల్డింగ్ ఆగిపోయింది.

గుత్తి లాగి అందులో చెవి విప్పబోతే తొందరలో రాలేదు. మొత్తం గుత్తినే బల్ల మీద పడేశాను. "మూడో చెవి ఉంది. మీ నాన్నది. నీళ్లు పోసింది నేను."

వాళ్లు అడిగేలోపు నేనే గబగబా చెప్పేశాను. ఉప్పెక్కువైన కూర, ఆ రోజు చల్లకుండా వదిలేసిన నీళ్లు, మాత సీసా, అన్నీ. చెబుతుంటే అదెంత తెలివితక్కువ పనో నా చెవులకే తెలిసొచ్చింది.

"అమ్మా," అన్నాడు జాన్ పాల్. "ఆ రైలు గేటు దగ్గర..." అని ఆగిపోయాడు.

"అవున్రా. నేనే. నిన్ను కాపాడుకుందామని."

వాడు వెనక్కి తిరిగి బండి డోరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ వీపు చూస్తే నాకు చచ్చిపోవాలనిపించింది.

హనుమయ్యగారే కదిలాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "సీసా ఎంత పడుతుందమ్మా?" అన్నాడు.

"పావు లీటరు."

"ఎన్నాళ్లుగా?"

"ఏడాది. రోజూ."

"రోజుకి పావు లీటరు చొప్పున ఏడాదికి..." వేళ్లు మడిచాడు. "తక్కువలో తక్కువ డెబ్భై ఎనభై లీటర్లు. నాలుగు టిన్నుల నీళ్లు. ఇక్కడ బకెట్లో ఉన్నవి ఏడు లీటర్లు. ఇవి నెల్లాళ్లవి, మీరు రెండేసి పోసినవి కలుపుకుని. మిగతావి ఏమయ్యాయి? ఇంజిన్ తాగిందంటే నేను ఒప్పుకోను, తాగితే మొదటి నెలలోనే ఇక్కడ ఉండేది."

ఆయన చెప్పడం ఆపి గేటు వైపు చూశాడు. జాన్ పాల్ కూడా తిరిగి చూశాడు. నేను అందరికన్నా ఆలస్యంగా చూశాను.

యేసుబాబు గేటు దగ్గరే నిలబడి, చెప్పుతో నేల రాస్తున్నాడు.

"తెలుసా నీకు?" అన్నాను.

"మొదటి వారమే తెలిసింది వదినగారూ. బండి కొంచెం దగ్గితే నట్టు వదులు చేశా, నీళ్లొచ్చాయి. ఎక్కణ్ణుంచా అని మర్నాడు టీ తాగుతున్నట్టు లోపలికొచ్చి కిటికీలోంచి చూశా. మీరు సిలువ గుర్తు వేసుకుని పోస్తన్నారు."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"ఏం చెప్పను? అన్న పోయాక మీరు మూడు నెలలు మెతుకు ముట్టలేదు. ఆ నీళ్లు పోశాక ఆ రోజే మొదటిసారి మమ్మల్ని 'జాగ్రత్తగా వెళ్లి రండి' అని నవ్వుతా పంపారు. కిందకి దూరి ఒక్క నట్టు వదులు చేస్తే పోయేదానికి, మీ నవ్వు తియ్యడం దేనికని నేనే రోజూ తీసేస్తన్నా. ఆపరేషన్ వారమే అనుకున్నా. డాక్టరు నెల అన్నాక జాన్‌పాల్‌కి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పా, రోజూ అడుగు నట్టు వదులు చెయ్యమని."

"చెప్పాడు," అన్నాడు జాన్ పాల్ నేల చూస్తూ. "నేనే పట్టించుకోలా. పాతకాలం డ్రైవర్ల చాదస్తం అనుకున్నా."

"మరి గుట్ట వెనక్కి ఎందుకు తీసుకెళ్లావయ్యా, దొంగలాగా!" అన్నాడు హనుమయ్యగారు.

యేసుబాబు సిగ్గుపడ్డాడు. నిజంగా సిగ్గుపడ్డాడు, కొత్త పెళ్లికొడుకులాగా. "దీవించిన నీళ్లు కదండీ. మా సంఘంలో ఇవి మేం నమ్మం. అయినా వదినగారు నమ్మారుగా. లారీలు తొక్కే చోట పారబొయ్యబుద్ధి కాలా. గుట్ట వెనకైతే ఎవరూ నడవరు."

నేను పనిబల్ల పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడ్చాను, దాచడానికేముంది. జాన్ పాల్ బల్ల మీదున్న ఎర్రదారం చెవి తీసుకుని గేటు దాకా నడిచి వెళ్లి, "బాబాయ్" అని వాడి చేతిలో పెట్టాడు. చెవి ఇచ్చాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. క్యారియరులో అన్నం ముగ్గురికే తెచ్చాను. నలుగురం తిన్నాం. కూరలో ఉప్పు చాల్లేదని హనుమయ్యగారన్నాడు. నేనేమీ అనలేదు.

పంపు విప్పి, తుప్పు తుడిచి, పాడైన ముక్కలు మార్చి, ట్యాంకు కడిగి ఎండబెట్టి, బండి చేతికిచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ లోపల యేసుబాబు కంటికి కూడా డాక్టరు సరే అన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున బండి మా ఇంటి ముందు స్టార్ట్ అయింది. ఒక్క దగ్గు లేదు. మా ఆయన చెవి నేను జాన్ పాల్‌కి ఇచ్చేశాను, ఇక నా నడుముకి బీరువా తాళాలే. కానీ అలవాటు చొప్పున మాత సీసా చేతిలో పట్టుకుని బయటికొచ్చాను. వచ్చాక ఏం చెయ్యాలో తెలియలేదు. బానెట్ మీద చల్లితే ఆరిపోతుంది. లోపల పొయ్యకూడదు. కొడుకు బండి ఎక్కుతున్నాడు, నాకు లోపల దడ మొదలైంది, అదే దడ, ఏడాది నాటిది. సీసా మూత తీస్తున్నా, పెడుతున్నా.

యేసుబాబు సీట్లోంచి దిగాడు. నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నా ముందుకొచ్చి, వంగి దోసిలి పట్టాడు.

"బండికొద్దు వదినగారూ. డ్రైవరుకి పొయ్యండి."

"మీ పాస్టరుగారికి తెలిస్తేనో?"

"తిడతారు. పొయ్యండి, క్రషర్ దగ్గర లైను పెరిగిపోద్ది."

పోశాను. సగం వాడి చొక్కా మీద పడ్డాయి. తాగి, తడిచెయ్యి కొత్త కంటికి అద్దుకున్నాడు. అటునుంచి మావాడు కూడా దిగివచ్చి, వాడి పక్కనే దోసిలి పట్టి, నావైపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"నీళ్లు తాగేటప్పుడు నవ్వకురా వెధవా, పొలమారుద్ది!" అని కసిరాను.